డ్రిల్లు పట్టుకున్నప్పుడు పిలువు: ఇరవై ఏళ్లుగా చూస్తున్న ‘ద స్కోర్’

మొదటి డిస్కు అయిపోయింది, అసలు దొంగతనం ఇంకా మొదలే కాలేదు. డబ్బులు దండగ అనుకున్నాను. కోఠిలో ఆ ‘ద స్కోర్’ వీసీడీ కొని ఇరవై ఏళ్లు దాటింది. గీతలు పడి ఆ రెండు డిస్కులూ పోయాయి. తర్వాత డీవీడీ కొన్నాను, అదీ పోయింది, ఇప్పుడు టీవీలో అద్దె కట్టి చూస్తున్నాను. ఏడాదికి ఒక్కసారైనా వేసుకునే సినిమా ఇది. ఇంట్లో వాళ్లు ‘మళ్లీ ముసలి దొంగేనా’ అని లేచిపోతారు.

2001లో వచ్చిన ఈ సినిమా కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. నిక్ వెల్స్ (రాబర్ట్ డి నీరో) కెనడాలోని మాంట్రియల్‌లో జాజ్ క్లబ్బు నడుపుతుంటాడు. అసలు పని తిజోరీలు తెరవడం. ఉన్న ఊళ్లో చెయ్యి పెట్టకూడదన్నది అతని నియమం. ఇక ఇవన్నీ మానేసి, ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేసే డయాన్‌తో స్థిరపడదామనుకుంటాడు. దొంగసొత్తు అమ్మిపెట్టే పాత నేస్తం మ్యాక్స్ (మార్లన్ బ్రాండో) వచ్చి సరిగ్గా ఆ నియమాన్నే తప్పమంటాడు. ఆ ఊరి కస్టమ్స్ భవనం బేస్‌మెంట్‌లో ఫ్రాన్సు రాజుల కాలంనాటి రాజదండం ఉంది. నిక్ వాటా 60 లక్షల డాలర్లు, అప్పటి రేటుకి మన డబ్బుల్లో దాదాపు 28 కోట్లు. లోపలి మనిషి జాక్ (ఎడ్వర్డ్ నార్టన్), బుద్ధిమాంద్యం ఉన్నవాడిలా నటిస్తూ అక్కడే ఊడ్చే పనిలో చేరిన కుర్రాడు.

చివర్లో ఎవరు ఎవరికి టోపీ పెట్టారో చెప్పను. నిజానికి ఆ మలుపు రెండోసారి చూసేసరికే పాతబడిపోయింది. నన్ను ఇన్నేళ్లు పట్టుకున్నది తిజోరీ సీను.

మా మేనమామ బేగంబజార్ వైపు ఒక షాపులో ముప్పై ఏళ్లు ఇనప బీరువాలు, తిజోరీలు రిపేరు చేశాడు. తాళంచెవి పారేసుకున్న షావుకార్లు ఇంటికి మనిషిని పంపి పిలిపించుకునేవాళ్లు. ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి ఈ సినిమా వేశాను. మొదటి గంటంతా కునికిపాట్లే. నిక్ పైనుంచి వేలాడుతూ తిజోరీకి డ్రిల్లుతో కన్నం పెట్టగానే లేచి కూర్చున్నాడు. పేలుడు మందు పెట్టే ముందు ఆ కన్నంలోంచి లోపలికి నీళ్లు నింపడం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. రాజదండం తడిసిపోదా అని అడిగాను.

“గాలైతే నొక్కితే నొక్కుకుంటది బిడ్డా, నీళ్లు నొక్కుకోవు. లోపల పేల్తే ఆ దెబ్బ నాలుగు దిక్కుల ఒక్కతీరుగ తాకుతది. తలుపు బోల్టులు ఎన్నని ఆపుతయి?” అన్నాడు. తర్వాత తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. గట్టి ఉక్కు మీద అంత తొందరగా కన్నం పడదట. బిట్టు వేడెక్కి మొన పోతుందట, మార్చి మార్చి పెట్టాలట. ఆయన ఒక షావుకారు పెట్టె తెరవడానికి మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయిందట.

ఆ మాట విన్నాక నా చూపు మారింది. తుపాకులు, కార్ల ఛేజింగులు లేకుండానే చెమట పట్టించే సీను అది. డి నీరో మొహంలో కోపం ఉండదు, ఆవేశం ఉండదు. పని తెలిసినవాడి విసుగూ జాగ్రత్తా ఉంటాయి, మా మామ మొహంలో కనిపించే రకం.

2018 సెప్టెంబర్‌లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడి బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయినప్పుడు మొదట గుర్తొచ్చింది ఈ సినిమానే. వెంటిలేటర్ తొలగించి తాడుతో దిగారన్న వార్త చదివి, ఎవరో గట్టి పనిమంతులే అనుకున్నాను. పది రోజులు తిరక్కుండానే ఇద్దరు దొరికారు. ముంబైలో పెద్ద హోటల్లో దిగారనీ, ఒకడు ఆ నిజాం టిఫిన్ బాక్సులోనే అన్నం తిన్నాడనీ పోలీసులు చెప్పారు. పైగా వాళ్లు చేసింది ఉన్న ఊళ్లోనే! నిక్ వెల్స్ వింటే తల పట్టుకునేవాడు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఏంజెలా బాసెట్ లాంటి నటిని పెట్టుకుని డయాన్ పాత్రకి ఎదురుచూడటం, అలగడం తప్ప పనివ్వలేదు. నార్టన్ నటనకి అప్పట్లో చప్పట్లు కొట్టాను, ఇప్పుడు ఆ వైకల్యం వేషం చూస్తుంటే ఇబ్బందిగా ఉంటుంది. అది కథలోనే వేషమని తెలిసినా సరే. మొదటి గంట నిజంగానే నెమ్మది. అందులో అలారం కోడ్ల కోసం వెళ్లి, అమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చున్న హ్యాకర్‌ని కలిసే సీను మాత్రం ఎప్పుడు చూసినా నవ్విస్తుంది. పైనుంచి తల్లి కేకలు వేస్తుంటే ఆ మేధావి గింజుకుంటాడు. అమీర్‌పేట హాస్టళ్లలో అలాంటి వాళ్లను చాలామందిని చూశాను.

బ్రాండో, డి నీరో ఇద్దరూ వేర్వేరు ‘గాడ్‌ఫాదర్’ సినిమాల్లో మాఫియా పెద్ద వీటో కార్లియోనే పాత్ర వేసి ఆస్కార్ గెలుచుకున్నవాళ్లు. కలిసి నటించింది ఇదొక్కటే. బ్రాండోకి ఇదే ఆఖరి సినిమా, 2004లో పోయాడు. దర్శకుడు ఫ్రాంక్ ఆజ్ బొమ్మలాడించేవాడు, ‘స్టార్ వార్స్’ సినిమాల్లో యోడా బొమ్మకి గొంతిచ్చినాయన. మ్యాక్స్ తన అప్పుల సంగతి ఒప్పుకునే సీనులో ఆ భారీ మనిషి ఒక్కసారిగా చిన్నపిల్లాడైపోతాడు. ఆ రెండు నిమిషాల కోసమైనా చూడొచ్చు.

ఫోన్లో మాత్రం చూడకండి. తిజోరీ గది అంతా చీకటి, ఏమీ కనిపించదు.

మామకి ఇప్పుడు వయసైంది, చెవులు సరిగ్గా వినపడవు. పోయిన నెల మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సినిమా పెడుతుంటే చూసి, పక్క గదిలోకి వెళ్లి పడుకుంటూ అన్నాడు: “ఆయన డ్రిల్లు చేతబట్టినంక నన్ను లేపు.”