హషీష్ కొవ్వొత్తా, పత్తర్‌గట్టి లోబానా: ఏది మేలు?

గృహప్రవేశానికి సువాసన గల కానుక ఏదైనా తీసుకెళ్లాలనుకునే హైదరాబాదువారికి ఇప్పుడు మూడు వస్తువులు తోస్తున్నాయి: పెట్టె మీద మత్తుపదార్థపు చరిత్రను అచ్చువేసిన ‘హషీష్’ కొవ్వొత్తి, చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో దొరికే, నిప్పుల మీద వేసే ధూపద్రవ్యం లోబాన్, ఆ చుట్టుపక్కలే అమ్మే అత్తరు.

కొవ్వొత్తి విషయంలో ముందుగా తీర్చవలసిన అనుమానం చట్టానికి సంబంధించినది. హషీష్ అంటే మన చరస్, అంటే గంజాయి మొక్క నుంచి తీసిన జిగురు. దానిని దగ్గర ఉంచుకోవడం కూడా 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం నేరం. కొవ్వొత్తిలో ఉండేది ఆ జిగురు కాదు, మైనంలో కలిపిన పచౌలి, దేవదారు, మిరియం వంటి సుగంధ తైలాలు. పోలిక కుదరడానికి కారణం లేకపోలేదు: ఆ మొక్క వాసనలో భాగమైన కారియోఫిలీన్ మన మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉంది, మిర్సీన్ మామిడిలో ఉంది, ఈ రెండింటిలో ఏదీ గంజాయి మత్తుకు కారణం కాదు.

చరిత్ర సంగతి మాత్రం అంత నమ్మకంగా చెప్పలేము. 1090లో ఇరాన్‌లోని అలమూత్ కోటను పట్టుకున్న ఇస్మాయిలీ శాఖ నాయకుడు హసన్-ఇ-సబ్బాహ్ తన అనుచరులకు హషీష్ ఇచ్చి హత్యలు చేయించాడన్న కథ ఇటువంటి సరుకుకు బాగా అతుకుతుంది కానీ, ఆ కథను ఐరోపాలో ప్రచారం చేసిన మార్కో పోలో ఏదో పానీయం అన్నాడే తప్ప హషీష్ పేరెత్తలేదు. 1840లలో హషీష్ రుచి చూడడానికి పారిస్‌లోని పిమొదాన్ భవనంలో కూడిన రచయితలైతే దానిని పొగగా పీల్చలేదు. పిస్తా, చక్కెర, దాల్చినచెక్క కలిపిన లేహ్యంగా తిన్నారు. ఆ గది వాసనను నిజాయితీగా పట్టాలంటే కొవ్వొత్తి మిఠాయి దుకాణంలా గుబాళించాలి, తోలు, పొగ వాసనలతో కాదు.

లోబాన్‌కు ఇటువంటి అరువు కథ అవసరం లేదు. పాతబస్తీలో దుకాణం దుకాణానికీ ధూపం వేస్తూ వెళ్లే ఫకీర్ల చేతిలోనూ, పసిబిడ్డకు స్నానం చేయించాక పట్టే సాంబ్రాణిలోనూ ఉన్నది ఆ వాసనే. అయితే దానికి నిప్పులు కావాలి, పొగ తప్పదు. కిటికీలు మూసిన అపార్ట్‌మెంటులో అది దగ్గు తెప్పించవచ్చు. అత్తరుకు నిప్పూ లేదు, పొగా లేదు, కానీ అది మనిషికి పూసుకునేదే తప్ప గదిని నింపేది కాదు.

కొవ్వొత్తికి మన ఊళ్లో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. గాలికి మంట ఒరిగి మసి పడుతుంది, మైనం ఒక పక్కనే కరుగుతుంది. కనుక ఫ్యాను ఆపి, వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి, మొదటిసారి అంచుదాకా కరిగేవరకు వెలిగించాలి. వేసవిలో ఎండకు నిలిపిన కారులో వదిలితే వెలిగించకుండానే మెత్తబడుతుంది.

నా మట్టుకు, పెద్దలున్న ఇంటికి లోబానే తీసుకెళతాను. ఏసీ గది, కాస్త హాస్యం ఉన్న స్నేహితుడికైతే కొవ్వొత్తి ఇవ్వవచ్చు; ఆ పేరు చదివిన వాళ్ల అత్తగారికి అది మిరియాల వాసనేనని వివరించే పని మాత్రం కానుక ఇచ్చినవారే చేయాలి.