నాలుగు ఆదివారాల క్లాసు, ఒక బీచ్ బోర్డు

బొమ్మ, మాట, శబ్దం కలిపి ఒక విషయం ఎలా చెప్పాలో నేర్పే వర్క్‌షాప్ విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో జరుగుతోందని మా స్కూల్లో తోటి టీచర్ చెబితే, మా అమ్మాయిని తీసుకుని నేనూ చేరాను. నాలుగు ఆదివారాలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. మనిషికి 1,800 రూపాయలు. తొమ్మిదో తరగతి పిల్లల నుంచి రిటైరైన వాళ్ళ దాకా పద్నాలుగు మందిమి, అందరికీ ఒకటే బ్యాచ్. చేరొచ్చా అని ఇప్పటికే నలుగురైదుగురు అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నాను. చేరొచ్చు, కానీ మూడో ఆదివారం గురించి కింద రాసింది కూడా చదివి చేరండి.

మొదటి రోజు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెట్టించారు. బల్ల మీద ఒక శుభలేఖ, ఒక పెద్దకర్మ కార్డు, పల్స్ పోలియో పోస్టరు, మందుల చీటీ, కిరాణా కొట్టు క్యాలెండరు పరిచి "చదవండి" అన్నారు మేడమ్. మేమంతా అక్షరాలు చదివాం. "ఇప్పుడు అక్షరాలు వదిలేసి చదవండి" అన్నారు. ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ తోచలేదు. తర్వాత ఒకాయన శుభలేఖ తీసుకుని, నాలుగు మూలలా పసుపు ఉందంటే కవరు తెరవక ముందే ఇది మంచి కబురని తెలిసిపోతుంది కదా అన్నారు. నిజమే, పసుపు లేని కార్డు చేతికొస్తే ఎవరికేమైందో అని గుండె ఝల్లుమంటుంది. పైన వినాయకుడు, మధ్యలో పెద్ద అక్షరాల్లో వధూవరుల పేర్లు, అడుగున చిన్నగా బంధుమిత్రుల అభినందనలు, ఎవరి పేరు ఎక్కడుందో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాటకు ఎంత బరువో కూడా కొంత అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చదవడం నేర్పుతున్నాను, ఇది కూడా చదవడమేనని నాకు ఎవరూ చెప్పలేదు.

సిద్ధాంతం ఎక్కువ చెప్పలేదు, అదీ మంచిదే. న్యూ లండన్ గ్రూప్ అని పదిమంది పండితులు 1996లో ఒక వ్యాసం రాశారట. భాష, దృశ్యం, శబ్దం, హావభావం, స్థలం, ఈ ఐదు దారుల్లో అర్థం పుడుతుందనీ, బడిలో అక్షరం ఒక్కటే నేర్పితే చాలదనీ అందులో వాదించారు. పేర్లు బరువుగా ఉన్నా మేడమ్ వెంటనే హరికథకి తీసుకొచ్చారు. మన పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకి అంత పేరు తెచ్చారు కదా, హరిదాసు ఒక్కడే నిలబడి మాట, పాట, చిడతలు, కాలి గజ్జెలు, ముఖం అన్నీ ఒకే కథకి వాడతాడు. చిడతలు ఠక్కున ఆగితే ఏదో జరగబోతోందని జనం ఊపిరి బిగబడతారు, ఆ ఆగడానికి మాటల్లో చోటు లేదు. ఆ ఒక్క ఉదాహరణతో నాకు మొత్తం విషయం పట్టుబడింది.

రెండో ఆదివారం ఆర్కే బీచ్. ముందు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి వెళ్ళాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. ఆ అంకెలు చదివితే వచ్చే అర్థం వేరు, గుండ్రటి తలుపులోంచి నడుము వంచి దూరి, భుజాలు తగలకుండా నడిచి, ఒకదాని మీద ఒకటి ఉన్న ఇరుకు పడకలు చూస్తే వచ్చే అర్థం వేరు. ఐదింటిలో స్థలం అనేదాన్ని ఎందుకు చేర్చారో అక్కడ తెలిసింది.

తర్వాత ఇసుకలో కూర్చోబెట్టి అసలు పని ఇచ్చారు, సముద్రంలో దిగేవాళ్ళ కోసం హెచ్చరిక బోర్డు తయారుచేయాలి. మేం తల్లీకూతుళ్ళం ఒక జట్టు. నీళ్ళలోంచి పైకి లేచిన చెయ్యి, ఎర్రటి అక్షరాల్లో "ప్రమాదం! ఈత కొట్టరాదు". ఇదీ మా మొదటి బోర్డు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు ఈ తెలుగు ఎలా చదువుతారని మేడమ్ అడిగారు. సరే, హిందీ, ఇంగ్లీషు కూడా పెడదామనుకున్నాం. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయనకి చూపిస్తే ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మునిగిపోతారని అందరికీ తెలుసు తల్లీ. ఎక్కడ మునుగుతారో సెప్పాలి. నురగ నేని కాడ నీరు నిమ్మళంగా కనపడతాది, అక్కడే లోపలికి లాగేత్తాది" అన్నాడు.

ఆ మాటతో మా బోర్డు మొత్తం మారిపోయింది. అలలు విరిగి తెల్లగా నురగ కనిపించే చోటు కంటే, రెండు నురగల మధ్య నల్లగా, ప్రశాంతంగా కనిపించే సందే ప్రమాదం, ఒడ్డుకి చేరిన నీరంతా ఆ సందులోంచే మళ్ళీ సముద్రంలోకి పోతుంది. కొత్తవాళ్ళు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. కాబట్టి పైనుంచి చూసినట్టు బొమ్మ గీశాం, రెండు తెల్లటి పట్టీలు, మధ్యలో ముదురు నీలం సందు, లోపలికి పోయే బాణం. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు దాటాక బయటికి రావాలి, దానికి పక్కకి తిరిగిన ఆకుపచ్చ బాణం. ఇక మాటలు ఏం రాయాలి? ఇక్కడే క్లాసు మొత్తంలో నాకు నచ్చిన పాఠం వచ్చింది. బొమ్మకి "ఎక్కడ" అనేది బాగా తెలుసు గానీ "వద్దు" అనడం రాదు. ఎర్ర వలయం, అడ్డగీత పెడతాం గానీ అది కూడా అందరం కలిసి ఒప్పుకున్న గుర్తే, నేర్చుకుంటేనే తెలుస్తుంది. కాబట్టి "వద్దు" అనే పని మాటకి, "ఎక్కడ" చూపే పని బొమ్మకి ఇచ్చి, "నురగ లేని చోట దిగొద్దు" అని నాలుగే మాటలు మూడు భాషల్లో పెట్టాం. బొమ్మ చెప్పిందే మాట మళ్ళీ చెబితే రెండూ దండగే.

ఆ సాయంత్రం మా అమ్మకి చూపించాను. ఆవిడకి చదువు రాదు. కాసేపు చూసి, నీలం సందు మీద వేలుపెట్టి, "ఇక్కడ దిగకూడదా?" అంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది.

ఇక మూడో ఆదివారం. శబ్దం, వీడియో అన్నారు. రెండున్నర గంటలు ఒక యాప్‌లో ఏ మీట ఎక్కడుందో చూపించడానికే సరిపోయింది, శబ్దానికి దొరికింది పావుగంటే. మేం బీచ్‌లో ఫోన్‌తో రికార్డు చేసుకున్న మాటల నిండా గాలి హోరే, పెద్దాయన గొంతు వినపడనే లేదు. ఫోన్ దగ్గరగా పట్టుకోవాలని, గాలికి వీపు పెట్టి నిలబడాలని, మైకు మీద పల్చటి గుడ్డ కప్పాలని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చదవడం రాని మనిషికి శబ్దమే మొదటి అక్షరం, దానికే ఇంత తక్కువ టైం ఇవ్వడం నాకు నిజంగా బాధనిపించింది. చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండటం ఇంకో లోటు.

నాలుగో వారానికి బోర్డు ప్రింటు తీయించుకు రమ్మన్నారు. దగ్గర్లో ఒక ఫ్లెక్స్ షాపులో ఇస్తే, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో మన తెలుగు ఫాంటు కుదరక వత్తులన్నీ విడిపోయాయి. "దిగొద్దు"లో ద కింద ఉండాల్సిన వత్తు పక్కకొచ్చి కూర్చుంది. బోర్డుకి ప్రాణంలాంటి మాటే చెడిపోయింది, తెల్లారితే చూపించాలని ఒకటే టెన్షన్. అక్షరాలని కూడా బొమ్మగా మార్చి పీడీఎఫ్ చేసి ఇస్తే ఈ గొడవ ఉండదని మర్నాడు క్లాసులో తెలిసింది. తెలుగులో ఏదైనా తయారుచేయించే క్లాసు ఇది మొదటి రోజే చెప్పాలి.

ఇవన్నీ ఉన్నా నేను మళ్ళీ డబ్బు కట్టి చేరమన్నా చేరతాను. మా స్కూలు పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ఇప్పుడు పాఠం మొదలెట్టే ముందు రెండు పేజీల్లో బొమ్మలేం చెబుతున్నాయో ఐదు నిమిషాలు పిల్లల్నే చెప్పమంటున్నాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒకడు మొన్న ముందు చెయ్యెత్తాడు.

చేరేవాళ్ళు వీలైతే ఇంట్లో పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, జట్టుగా చేస్తేనే పని సాగుతుంది. ఇయర్‌ఫోన్లు పట్టుకెళ్ళండి, అక్కడ ఇవ్వరు. శబ్దానికి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించమని నేను చెప్పి వచ్చాను, మీరు కూడా అడగండి.