రాత్రి పదకొండుకు జ్వరం: పర్లాకిమిడిలోనే చూపించాలా, పాతపట్నం వెళ్లాలా?

మా పర్లాకిమిడి ఒడిశాలో, సరిహద్దు దాటితే పాతపట్నం ఆంధ్రలో. మా ఇళ్లలో ఇది పాత తర్జనభర్జనే.

ఖర్చు: రెండు వైపులా ప్రభుత్వాసుపత్రే. ఒడిశాలో నిరామయ పథకం కింద మందులూ ఉచితం. తేడా అంతా రాత్రిపూట ఆటోవాడు అడిగే డబ్బులోనే.

కార్డు: ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరేవాళ్లకే పనికొస్తుంది. చీటీ రాయించుకుని ఇంటికి వచ్చేసే జ్వరానికి కాదు.

భాష: అసలు చిక్కు ఇక్కడే. పాతపట్నంలో అంతా తెలుగే. ఇక్కడ డ్యూటీ డాక్టరుకు ఒడియా మాత్రమే వస్తే, మా అత్తయ్య "గుండెల్లో మంట" అన్నది గుండెపోటుగా వినిపించొచ్చు! ఒడియా వచ్చిన కుర్రాణ్ణి వెంట తీసుకెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రమాదం: పర్లాకిమిడిది జిల్లా ఆసుపత్రి, గజపతి జిల్లా కేంద్రం కదా. పెద్దాసుపత్రికి రాస్తే ఇక్కడినుంచి సాధారణంగా బరంపురం, పాతపట్నం నుంచైతే శ్రీకాకుళం. మనకు శ్రీకాకుళమే దగ్గర. కొండ ఊళ్లలో పడుకుని వచ్చుంటే ఆ మాట ముందే చెప్పి, మలేరియా పరీక్ష అడగండి.

ఆయాసం, ఫిట్స్, స్పృహ తప్పడం ఉంటే 108కి ఫోన్ చేసి, దగ్గరున్న ఆసుపత్రికే. తెలుగు తప్ప రాని పెద్దవాళ్లకు మామూలు జ్వరమైతే పాతపట్నమే మేలు, అదీ తెల్లారాక.