పూజకు 750, భయానికి 650

మా బావమరిదికి ముప్పై మూడేళ్ళు. మంచి ఉద్యోగం, కాస్త బట్టతల. పెళ్ళి కుదరకపోవడానికి నాకు కనిపించే కారణం ఆ రెండోది. మా అత్తయ్యకు మాత్రం అది కాలసర్ప దోషం. జాతకం చూసినాయన శ్రీకాళహస్తిలో ఆదివారం రాహుకాలంలో రాహుకేతు పూజ చేయించమన్నాడు. నాకు ఈ గ్రహాల గొడవ మీద నమ్మకం లేదు. అయినా టికెట్లు బుక్ చేసేదీ, బ్యాగులు మోసేదీ నేనే కాబట్టి వెళ్ళాను.

విజయవాడ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. స్నానాలకని ఒక గది తీసుకున్నాం. నాలుగైదు గంటలకు 1,200. గీజర్ స్విచ్ కింద రిసెప్షన్ దగ్గర ఉంటుందట, దాన్ని వేయించడానికి మూడుసార్లు మెట్లు దిగాను. మధ్యాహ్నం భోజనం మనిషికి 110, రసం చాలా బాగుంది. వీటి మీద నాకేం ఫిర్యాదు లేదు.

అసలు కథ గుడి దగ్గరికి వెళ్ళిన ఆటోతో మొదలైంది. ఆటో అతను మమ్మల్ని గుడి ముందు దించకుండా ఒక పూజ సామాన్ల కొట్టు ముందు దించాడు. కొట్టు కుర్రాడు నా చేతిలో సంచీ అందుకుంటూ, "చెప్పులు ఈడనే ఇడ్సండి సార్, ఫ్రీ," అన్నాడు. ఎండకి రోడ్డు కాలుతోంది, ఫ్రీ అంటున్నాడు కదా అని నలుగురం విప్పేశాం. ఒకసారి చెప్పులు విప్పామంటే ఇక కొట్టువాడి చేతిలో ఉన్నట్టే. తరవాత అడిగాడు, "పూజ ఎవరికి సార్?" అత్తయ్య కొడుకును చూపించింది. వాడు బావమరిదిని కింద నుంచి పైదాకా చూసి, "రాహుకేతువుకా? సామాన్లు లేకుండా పోతే లోపల కూర్చోనీరు," అన్నాడు.

బుట్టలో రేకు నాగపడగలు రెండు, నల్లగుడ్డ ముక్క, ఎర్రగుడ్డ ముక్క, ఒక పొట్లంలో మినుములు, ఇంకో పొట్లంలో ఉలవలు. మినుములు రాహువుకి, ఉలవలు కేతువుకి. 480. కొబ్బరికాయ, పూలు, అరటిపళ్ళ పళ్ళెం 170. ఆ ఉలవలు గుప్పెడు కూడా లేవు. బేరమాడదామని నోరు తెరిచాను. "దోషం పోవడానికి వచ్చి బేరం ఏంది సార్," అన్నాడు. అత్తయ్య నా వంక చూసిన చూపుకి పర్సు తీశాను. మొత్తం 650.

సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకూడదు, అవి డిపాజిట్ చేసి టికెట్ కౌంటర్‌కి వెళ్ళాం. పూజకు రకరకాల రేట్లున్నాయి, మేం 750ది తీసుకున్నాం. ఎక్కువ పెడితే దేవుడికి దగ్గరగా కూర్చోబెడతారని అత్తయ్య ఇంకా పైదానికి వెళ్దామంది. రాహువుకి దూరంతో పనేమిటని మా ఆవిడే సర్ది చెప్పింది.

హాల్లో వరసలు వరసలుగా జనం. తమిళం, కన్నడం, తెలుగు, అన్నీ వినబడుతున్నాయి. బావమరిదీ అత్తయ్యా కూర్చున్నారు, మేమిద్దరం గోడవారన నిలబడ్డాం. అప్పుడొచ్చాడు ఒకాయన, ప్రతివాళ్ళ ముందూ ఒక పొట్లం పెట్టుకుంటూ. పొట్లంలో నాగపడగలు, మినుములు, ఉలవలు, గుడ్డముక్కలు. టికెట్టులోనే కలిపి ఇస్తారట.

బావమరిది ఒళ్ళో బుట్ట, ముందు పొట్లం పెట్టుకుని నా వంక చూశాడు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. మా ఆవిడ మెల్లగా, "అన్నీ తెలిసినవాళ్ళలా మాట్లాడతారు కదా, డబ్బులిచ్చింది మీరే," అంది. నిజమే. భక్తులు వచ్చేముందు పదిమందిని అడిగి తెలుసుకుంటారు. ఇదంతా ఒట్టిదేనన్న ధీమాలో నేను ఎవర్నీ అడగలేదు.

పూజ గురించి మాత్రం వంక పెట్టడానికి లేదు. పూజారి మైకులో ఇప్పుడు పసుపు, ఇప్పుడు కుంకుమ, ఇప్పుడు మీ గోత్రనామాలు చెప్పుకోండి అంటూ మూడు భాషల్లో చకచకా చెప్పుకుపోయారు. అరగంట పైన పట్టింది. ఎవరూ దక్షిణకి చెయ్యి చాపలేదు. ఆఖర్న నాగపడగలు హుండీలో వేయించారు.

తరవాత దర్శనం. ఇది పంచభూత లింగాల్లో వాయులింగం. గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకపోయినా ఒక దీపం రెపరెపలాడుతూనే ఉంటుందంటారు. "కదలండి, కదలండి" అన్న తోపుల మధ్య నాకు దొరికింది మూడు సెకన్లు. దీపం ఊగుతున్న మాట నిజమే. ఇంతమంది ఊపిరి ఆడుతుంటే ఊగదా అనుకున్నాను, కానీ పక్కన ఉన్నవి నిలకడగానే ఉన్నాయి. ఇప్పటికీ దాని గురించి ఆలోచిస్తున్నాను, అత్తయ్యకి చెప్పలేదు.

బయటికొచ్చి గాలిగోపురం కింద కాసేపు నిలబడ్డాం. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే 26న కుప్పకూలింది. ఇప్పుడున్నది దాని చోట కట్టిన కొత్తది, 2017లో కుంభాభిషేకం జరిగింది. పాతదాన్ని చిన్నప్పుడు ఒకసారి చూశాను. కొత్తది బాగానే ఉంది, మరీ శుభ్రంగా ఉంది.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. చెప్పులు గదిలోనో కారులోనో వదలండి. బయట ఏదీ కొనకండి, తిన్నగా కౌంటర్‌కి వెళ్ళండి. ఆదివారం రాహుకాలం, అంటే సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, మీ జ్యోతిష్కుడు పట్టుబడితే తప్ప వద్దు. ఇంకొకటి, పూజయ్యాక ఎవరింటికీ వెళ్ళకుండా నేరుగా ఇంటికే పోవాలంటారు. దారిలో నెల్లూరులో పిన్నిగారింట్లో చేపల పులుసుకి పిలుపుంది. అది పోయింది. ఆ పులుసుని ఖర్చుల్లో ఎలా రాయాలో తెలియదు.

చెప్పులకోసం మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళాలి కదా. బుట్ట వెనక్కి తీసుకోమన్నాను. "లోపలికి పోయొచ్చిన సామాను మేం తీసుకోం సార్," అన్నాడు కుర్రాడు, ఎంతో నిష్ఠగా. సరిగ్గా అప్పుడే ఇంకో ఆటో ఆగింది. భార్యాభర్తలు, ఒక పెద్దావిడ. చెప్పులు విప్పబోతున్నారు. నేను గబగబా వెళ్ళి, "ఏమండీ, సామాన్లు ఇక్కడ కొనకండి, లోపల టికెట్టుతోనే ఇస్తారు," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, నా చేతిలో బుట్ట చూశాడు, భార్యని వెనక్కి లాగాడు.

"మాకేం వద్దు. మేం కొట్లోనే కొనుక్కుంటాం," అన్నాడు.