సెపాంగ్ రెండుసార్లు: కంచెకు ఇవతల నుంచి మోటోజీపీ ఫొటోలు

రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను, మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైకు రేసు జరిగే మలేసియాలోని సెపాంగ్ సర్క్యూట్‌లో సంచిలోంచి తీయగానే అద్దం నిండా ఆవిరి పట్టింది. తుడిస్తే పోయింది, క్షణంలో మళ్లీ పట్టింది. చిన్న బళ్ల తరగతైన మోటో3 కుర్రాళ్లు శుక్రవారం ఉదయపు సాధనకు ట్రాక్ మీదికి వచ్చేశారు. బళ్లు వరుసగా నా ముందు నుంచి వెళ్తుంటే, నేను లెన్సును ఎండలో పెట్టుకుని పావుగంట కూర్చోవలసి వచ్చింది. ఆ మర్నాటి నుంచి రాత్రి పడుకునే ముందు కెమెరా సంచిని ఏసీ గాలి తగలని స్నానాలగదిలో పెట్టాను. మలేసియా ఉక్కపోతలో ఫొటోలు తీయబోయేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే.

నేను పత్రికా ఫొటోగ్రాఫర్‌ను కాను. టికెట్ కొనుక్కుని, గ్యాలరీలో కూర్చుని, కంచె అవతలి బైకును పట్టుకోవాలని తపించే సాధారణ ప్రేక్షకుణ్ణి. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు దాటకముందే వచ్చే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ రేసులు చూస్తూ, బండితో పాటు కెమెరా తిప్పుతూ తీయడం నేర్చుకున్నాను. అక్కడి 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద 165 సీసీ బళ్లను కెమెరాతో వెంబడించడం అలవాటైంది కాబట్టే, సెపాంగ్‌లో 300 కిలోమీటర్ల వేగం దాటే బళ్లను చూసి చేతులెత్తేయలేదు.

సెపాంగ్‌కు 2023లో ఒకసారి, 2024లో ఒకసారి వెళ్లాను. మొదటిసారి రేసు నవంబర్ 12న, సరిగ్గా దీపావళి రోజున పడింది. అప్పుడు వీసా తీసుకోవలసి వచ్చింది. ఆ డిసెంబర్ 1 నుంచి మలేసియా భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదని ప్రకటించడంతో రెండోసారి ప్రయాణం తేలికైంది. వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో రాక వివరాల ఫారం నింపితే సరిపోయింది.

మొదటిసారి మెయిన్ గ్రాండ్‌స్టాండ్ టికెట్ తీసుకున్నాను. పెద్ద పెద్ద ఆకుల్లాంటి పైకప్పు ఉన్న ఆ కట్టడానికి ఒక పక్క పిట్ (జట్లు బళ్లను సిద్ధం చేసే చోటు) ముందుండే తిన్నని దారి, రెండో పక్క దానికి సమాంతరంగా సాగే వెనుక దారి. ఈ రెండింటినీ కలిపేది 15వ మలుపు. గొడుగు అవసరం లేదు, ఎండ బాధ లేదు, తెరమీద రేసంతా కనబడుతుంది. కానీ ఫొటోల కోసం వెళ్లేవారు తిన్నని దారి ఎదుట కూర్చుంటే డబ్బు వృథా. బండి కళ్ల ముందు నుంచి ఒక రంగు గీతలా పోతుంది, ఎంత బాగా తీసినా పక్కనుంచి తీసిన ఒకే రకం బొమ్మ వస్తుంది. 15వ మలుపు వైపు చివరి వరుసలు వేరు. అక్కడ రైడరు గట్టిగా బ్రేకు వేస్తాడు, కాలు బయటికి చాస్తాడు, మోచేయి దాదాపు నేలను తాకేంతగా వంగుతాడు. వేగం తగ్గేచోటే మనిషి కనబడతాడు. ఆ ఏడు రేసు గెలిచిన రైడరు బాస్తియానినీ ఫొటోల్లో నాకు మిగిలిన మంచివన్నీ ఆ మలుపులోనివే.

రెండోసారి మొదటి మలుపు దగ్గరి కె1 స్టాండు ఎంచుకున్నాను. ట్రాక్ మొత్తంలో ఫొటోలకు నేను చూసిన మంచి చోటు ఇదే. తిన్నని దారి చివర కుడికి ముడుచుకుపోయే మొదటి మలుపు, వెంటనే ఎడమకు తిరిగే రెండోది, ఆపైన పొడవుగా సాగే మూడోది. ఒకే కుర్చీలోంచి బ్రేకు వేయడం, వంగడం, మళ్లీ లేవడం అన్నీ దొరుకుతాయి. ఇబ్బంది కంచెతోనే. కింది వరుసల్లో దగ్గరగా నిలబడి, లెన్సును తీగలకు ఆనించినంత దగ్గర పెట్టి, అపెర్చర్ (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే ఫొటోలో తీగలు కరిగిపోతాయి. ఆటోఫోకస్ మాత్రం తీగను పట్టుకోవడానికే మొగ్గుతుంది. బండి వచ్చే చోట తారు మీద ముందే ఫోకస్ పెట్టి ఉంచుకోవడం మేలు. పైవరుసల నుంచైతే కంచె మీదుగా తీయవచ్చు గాని, దానికి కనీసం 400 మిల్లీమీటర్ల లెన్సు ఉండాలి.

షట్టర్ వేగం విషయంలో నా పద్ధతి ఇది: శుక్రవారం ఉదయమంతా సెకనులో 1/250 వంతు దగ్గర మొదలుపెట్టి 1/100 దాకా దిగుతాను. పదింటిలో ఎనిమిది చెడిపోతాయి. మిగిలిన రెండింటిలో చక్రాలు తిరుగుతాయి, వెనుక గడ్డి పచ్చటి చారలవుతుంది, హెల్మెట్ మాత్రం గాజులా నిలుస్తుంది. మధ్యాహ్నం తారు మీంచి వేడి లేస్తుంది, దూరపు బొమ్మ నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. నాకు ఆదివారం రేసు కంటే శుక్రవారం సాధనే విలువైనది. జనం పలచగా ఉంటారు, కుర్చీ మారవచ్చు, అడ్డుపడే చేతులు తక్కువ.

కె1లో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. నేను ఇంటికి ఫోనులో మాట్లాడటం విని, "మీరు తెలుగువారా బాబూ?" అన్నారు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి మలేసియాలోని పెరాక్ రాష్ట్రపు తోటల్లో పనికి వచ్చారట. మూడు తరాలు గడిచినా ఆయన తెలుగు చక్కగా నిలిచి ఉంది. రెండు రోజుల కిందటి దీపావళి మురుకులు డబ్బా తీసి పెట్టారు. "మూడు గంటలకు వాన వస్తుంది, సంచి కుర్చీ కింద పెట్టకండి, నీళ్లు పారతాయి" అన్నారు. శనివారం సాయంత్రం సరిగ్గా అలాగే నీళ్లు పారాయి, నా సంచి మాత్రం తడవలేదు.

బసకు రెండు దారులున్నాయి. 2023లో విమానాశ్రయం దగ్గర ఒక చవక హోటల్లో దిగాను. ట్రాక్ దగ్గరే, కానీ చుట్టుపక్కల సాయంత్రం తినడానికి ఏమీ లేదు, ట్రాక్‌కు తీసుకెళ్తామన్న హోటల్ వారి ఉదయపు బండి ఒకరోజు రానేలేదు. 2024లో కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాను. కేఎల్ సెంట్రల్ స్టేషన్ నడిచి వెళ్లే దూరం. అక్కడినుంచి ట్రాన్సిట్ రైల్లో సలాక్ తింగి, ఆపైన బండి. గంటకు పైగా పడుతుంది, అయినా రాత్రి వేడి ఇడ్లీ దొరికే వీధి కోసం ఆ గంట ఇచ్చేయవచ్చు. ఆదివారం తిరుగు ప్రయాణమే కష్టం. రేసు అవగానే ఫోనులో టాక్సీ పిలిస్తే గంటన్నర దొరకలేదు. పోడియం మీద బహుమతులు ఇవ్వడం అయ్యాక ఇంకాసేపు గ్యాలరీలోనే కూర్చుని, రద్దీ తగ్గాక కదలడం నయం.

ఆ ఆదివారం, 2024 నవంబర్ 3న, మొదటి స్టార్టులోనే రెండో మలుపు దగ్గర మిల్లర్, క్వార్టరారో, బైండర్ అనే రైడర్లు ఢీకొని పడ్డారు. ఎర్రజెండా చూపి రేసు ఆపేశారు. నేను కెమెరా దించేశాను. ఇదే ట్రాక్ 11వ మలుపులో 2011లో జరిగిన ప్రమాదం రైడరు సిమోన్‌చెల్లి ప్రాణం తీసింది. మనిషి లేస్తాడో లేదో తెలియని క్షణాన్ని బొమ్మగా దాచుకోవడం నాకు చేతకాదు. మిల్లర్ లేచి నడిచాడని తెలిశాకే స్టాండు ఊపిరి పీల్చుకుంది.

మళ్లీ 19 ల్యాపుల (చుట్ల) రేసు మొదలైంది. ఆ ఏడు టైటిల్ కోసం పోటీ పడుతున్న బన్యాయా, మార్టిన్ మొదటి మూడు ల్యాపులు ఒకరినొకరు దాటుకుంటూనే ఉన్నారు. ఒకరు లోపలి నుంచి దూరితే, ఇంకొకరు వెంటనే తిప్పికొట్టారు. నేను రెండు ల్యాపులు తీసి, మూడోది కళ్లతో చూశాను. చివరికి బన్యాయా గెలిచాడు, కానీ ఆ ఏటి మొత్తం పాయింట్లలో మార్టినే 24 ముందు.

వాళ్లిద్దరూ పక్కపక్కన వంగి ఉన్న ఫొటో ఒక్కటి దక్కింది. కింది మూలన కంచె తీగ సన్నటి బూడిద చారలా మిగిలిపోయింది. పెద్దాయన తన ఫోనుకు పంపమన్నారు. చార తీసేసి పంపుతానంటే, "ఉండనీయండి, మనం ఎక్కడ కూర్చున్నామో తెలుస్తుంది" అన్నారు. అలాగే పంపాను.