సర్కారు తుమ్మ కొట్టించాం, 5కి 3 స్టార్లే
భీమిలి దగ్గర గోస్తనీ ఒడ్డున మా మావయ్యగారి స్థలం గట్టంతా సర్కారు తుమ్మ కమ్మేస్తే వైజాగ్ నుంచి చెట్లు కొట్టే టీంని పిలిచాం, కుర్రాళ్ళు పని సూపర్, అంత ముళ్ళలోనూ ఒక్క పూటలో లేపేశారు. కానీ మొదలు నేలకి జానెడు పైన వదిలేశారండి! వానలు పడ్డాక చూస్తే ఒక్కో మోడుకి పది పదిహేను పిలకలు, ముందుకంటే గుబురుగా. 1877లో బయటి దేశం గింజలు తెప్పించి మన కడప వైపు వేసిన చెట్టు ఇది, మట్టి తవ్వి వేరు మొదలు కిందకి కొయ్యకపోతే చావదు. పైగా మేకలు కాయలు తిని పెంటికలతో గింజలు ఊరంతా జల్లుతాయి, అదో గోల. ఫోన్ చేస్తే "వేర్లు తియ్యాలంటే జేసీబీ ఎక్స్‌ట్రా సార్" అంటాడు, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. కర్ర మాత్రం బొగ్గులోళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు.