5200–1943 జత ఆంప్లిఫయర్ బోర్డు: పీసీబీ కోసం కొనండి, మీద ఉన్న ట్రాన్సిస్టర్ల కోసం కాదు

ఒకే జత 5200, 1943 పవర్ ట్రాన్సిస్టర్లతో రెడీగా బిగించి అమ్మే మోనో ఆంప్లిఫయర్ బోర్డు గురించి ఈ సమీక్ష. దీనికి బ్రాండ్ పేరు ఉండదు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి. హన్మకొండలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇంట్లో రెండు, వాడకట్టు బతుకమ్మకూ వినాయక మండపానికీ తీసుకెళ్లే డబ్బాలో రెండు ఉన్నాయి. సర్క్యూట్‌కూ పీసీబీకీ (భాగాలు అతికించే, రాగి గీతలున్న పలక) పెట్టిన పైసలు దండుగ కాదు. అయితే దానిమీద వచ్చిన పవర్ ట్రాన్సిస్టర్లను, బయాస్ (పాట లేనప్పుడూ వాటిలో పారే కొద్దిపాటి కరెంటు) చూసే ట్రాన్సిస్టర్ ఉన్న చోటును మార్చకుండా వాడితే ఎండాకాలం దాటడం కష్టం.

ముందు వాట్ల సంగతి. అట్టపెట్టె మీద 150 వాట్లు అని ఉంటుంది. ఆ 150 స్పీకర్‌కు వచ్చే పవర్ కాదు. కేసును 25 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచగలిగితే ఒక్కో ట్రాన్సిస్టర్ ఓర్చుకునే వేడి అది. 24-0-24, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద డీసీ ప్లస్, మైనస్ వైపులు రెండూ 33 నుంచి 36 వోల్టుల మధ్య ఉంటాయి. పాట గట్టిగా పడితే 30కి దిగుతాయి. అందులో ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు కలిసి నాలుగు మింగితే 26 వోల్టుల పీక్ మిగులుతుంది. 26ని 26తో గుణించి 16తో భాగించండి, 8 ఓమ్‌ల స్పీకర్‌కు 42 వాట్లు వస్తాయి. ఇంటికి అది చాలా ఎక్కువ, చిన్న మండపానికి సరిపోతుంది. 4 ఓమ్‌లు కట్టితే కాగితం మీద లెక్క పెరుగుతుంది గానీ ఒక్క జతతో ఆ పని పెట్టుకోవద్దు. ఒక్కో ట్రాన్సిస్టర్ మీద పడే వేడి రెట్టింపవుతుంది.

ఇక నకిలీ ట్రాన్సిస్టర్లు. అసలు 2ఎస్‌సీ5200 అంటే 230 వోల్టులు, 15 ఆంపియర్లు. బోర్డుతో వచ్చిన వాటి మీదా అదే నంబరు ముద్ర ఉంటుంది, లోపల చిప్ మాత్రం చిన్నది. బయటి నుంచి చూసి పట్టుకోవాలంటే ముద్ర, కాళ్ల మెరుపు లాంటి గుర్తుల కంటే కెపాసిటెన్స్ మీటర్ నమ్మకమైనది. ట్రాన్సిస్టర్‌ను విప్పి కలెక్టర్, బేస్ మధ్య కొలవండి. డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) 10 వోల్టుల దగ్గర 5200కు 200 పికోఫారడ్, 1943కు 360 పికోఫారడ్ అని ఉంటుంది. మన మీటర్ దాదాపు సున్నా వోల్టుల దగ్గర కొలుస్తుంది కాబట్టి దానికంటే బాగా ఎక్కువ రావాలి. వంద, నూటయాభై చూపిస్తే అది చిన్న చిప్, పక్కన పెట్టేయండి. మల్టీమీటర్‌లో హెచ్‌ఎఫ్‌ఈ (ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) చూసి సంతోషపడితే లాభం లేదు, అది ఆంపియర్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్పదు. మార్చేటప్పుడు టోషిబావే టీటీసీ5200, టీటీఏ1943 దొరికితే అవి వేసుకోవచ్చు, కాళ్ల వరుస కూడా అదే: బేస్, కలెక్టర్, ఎమిటర్. ఈ పెద్ద ప్యాకేజీలో స్క్రూ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కే ఉంటుంది కాబట్టి స్క్రూకు ప్లాస్టిక్ బుష్ అక్కర్లేదు. వెనక రేకు మాత్రం కలెక్టరే. మైకా (కరెంటును ఆపి వేడిని పోనిచ్చే పల్చటి పొర), రెండువైపులా పల్చగా వేడి పేస్ట్ తప్పనిసరి. బిగించాక రేకుకూ హీట్‌సింక్‌కూ (వేడిని లాగే అల్యూమినియం దిమ్మ) మధ్య మల్టీమీటర్ బజర్ మోగకూడదు.

అసలు తక్లీఫ్ బయాస్‌తోనే. ఈ బోర్డులో బయాస్ చూసే బీడీ139ని పీసీబీ మధ్యలో నిలబెట్టారు, హీట్‌సింక్ అక్కడికి నాలుగు వేళ్ల దూరం. పవర్ ట్రాన్సిస్టర్ వేడెక్కిన కొద్దీ బేస్–ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. హీట్‌సింక్ 40 డిగ్రీలు పెరిగితే ఒక్కో దానికి 80, రెండిటికీ కలిపి 160 మిల్లీవోల్టులు. గాలికి నిలబడ్డ బీడీ139కి ఆ సంగతి తెలియదు, పాత వోల్టేజీనే ఇస్తూ పోతుంది. ఆ 160 మిల్లీవోల్టులు రెండు 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ల మీద పడితే 360 మిల్లీఆంపియర్లు. పాట ఆపేసినా 25 వాట్ల వేడి, దానితో హీట్‌సింక్ ఇంకా పెరుగుదల. ఓరుగల్లు మే నెల మధ్యాహ్నం టెంటు కింద ఇది నిమిషాల పని.

సవరించడం కష్టం కాదు. బీడీ139ని విప్పి, మూడు చిన్న వైర్లు 5 సెంటీమీటర్లకు మించకుండా మెలిపెట్టి, రెండు పవర్ ట్రాన్సిస్టర్ల నడుమ హీట్‌సింక్‌కే మైకా పెట్టి బిగించాలి. దాని కలెక్టర్, ఎమిటర్ మధ్య 0.1 మైక్రోఫారడ్ ఒకటి. ఆ చేత్తోనే ప్రీసెట్ (బయాస్ సరిచేసే, స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) ఎటువైపు ఉందో చూడండి. బేస్–ఎమిటర్ వైపు ఉంటే, దుమ్ము పట్టి దాని మధ్య కాలు తెగినా బయాస్ తగ్గిపోతుంది, ఏమీ కాలదు. కలెక్టర్–బేస్ వైపు ఉండి తెగితే బయాస్ ఒక్కసారిగా పైకి పోయి జతంతా కాలుతుంది. నేను కొన్న వాటిలో రెండు రకాలూ వచ్చాయి, చూసుకోకుండా కరెంటు ఇవ్వకండి.

బయాస్ పెట్టేటప్పుడు స్పీకర్ విప్పి, ఇన్‌పుట్ షార్ట్ చేసి, ఒక 0.22 ఓమ్ రెసిస్టర్ మీద మీటర్ పెట్టాలి. 5 మిల్లీవోల్టులు అంటే సుమారు 23 మిల్లీఆంపియర్లు, అది చాలు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూసి సరిచేయాలి. ఇంతకంటే బాగా తక్కువ పెడితే చిన్న వాల్యూమ్‌లో గొంతు గరగరలాడుతుంది, వాల్యూమ్ పెంచితే పోయినట్టు అనిపిస్తుంది.

ఫ్యూజు కొట్టేసిన బోర్డును చూసే వరుస ఇది. స్విచ్ ఆపి ఫిల్టర్ కెపాసిటర్లను 100 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పులు తప్ప లాభం లేదు. పవర్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్–ఎమిటర్ మధ్య బజర్ పెట్టండి. ఒకటి షార్టయితే రెండూ మార్చాలి, వాటి ఎమిటర్ రెసిస్టర్లు, వాటిని నడిపే టిప్41సి, టిప్42సి కూడా చూడాలి. కొత్తవి వెంటనే బిగించకండి. పవర్ జత లేకుండానే, సిరీస్ బోర్డులో (కరెంటు బల్బు గుండా పోయేలా కట్టిన బోర్డు) 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక క్షణం వెలిగి మసకబారాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఈ బోర్డులో డ్రైవర్ల (ఆ టిప్41సి, టిప్42సి) ఎమిటర్ల నుంచి అవుట్‌పుట్ లైనుకు చెరో 100 ఓమ్ ఉంది కాబట్టి ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి సరిచేసే దారి) నడుస్తుంది. అవి లేని బోర్డయితే తాత్కాలికంగా రెండు అతికించాలి. ఇప్పుడు అవుట్‌పుట్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి, బీడీ139 కలెక్టర్–ఎమిటర్ మధ్య రెండు రెండున్నర వోల్టులు ఉండి ప్రీసెట్ తిప్పితే కదలాలి. అది కదలకుండా ఐదారు వోల్టులు చూపిస్తుంటే పవర్ జత బిగించడం అంటే దాన్ని బలివ్వడమే.

అవుట్‌పుట్ 33 వోల్టుల దగ్గర అతుక్కుపోతే ఇన్‌పుట్ జత ఎ1015 చిన్న ట్రాన్సిస్టర్లను, 33 కిలోఓమ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను అనుమానించాలి. ఎ1015 బదులు 2ఎన్5401 వేస్తే మంచిదే, 150 వోల్టులు తట్టుకుంటుంది. కానీ కాళ్ల వరుస వేరు: చదునుగా ఉన్న వైపు నుంచి చూస్తే ఎ1015 ఎమిటర్, కలెక్టర్, బేస్, 5401 ఎమిటర్, బేస్, కలెక్టర్. అతుక్కుపోకుండా అర వోల్టో ముప్పావు వోల్టో వస్తుంటే ఫీడ్‌బ్యాక్‌లోని 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ షార్టయి ఉండొచ్చు. అప్పుడు డీసీకి కూడా 34 రెట్ల గెయిన్ పడి, ఇన్‌పుట్‌లో 20 మిల్లీవోల్టుల తేడా బయట 0.7 వోల్టు అవుతుంది. అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ జోడీలో రెసిస్టర్ నల్లబడితే మార్చి ఊరుకోవద్దు. చెవికి వినిపించని ఫ్రీక్వెన్సీలో బోర్డు ఆసిలేట్ అయిందని (తనంతట తానే ఊగిందని) దాని అర్థం. సాధారణంగా ఇన్‌పుట్ వైరూ స్పీకర్ వైరూ ఒకే కట్టలో పోయినప్పుడు ఇలా అవుతుంది.

హమ్ (స్పీకర్‌లో ఆగని గుయ్‌మనే మోత) వస్తే ఇన్‌పుట్ షార్ట్ చేసి వినండి. పోతే తప్పు ఇన్‌పుట్ వైరుది, దాని షీల్డుది. బర్రుమంటూ అలాగే ఉంటే సప్లైది. బోర్డుతో ఇచ్చే 2200 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్లతో డీసీ 2 ఆంపియర్ల దగ్గర 9 వోల్టుల వరకు ఊగుతుంది, 4700 వేస్తే నాలుగుకు దిగుతుంది. వోల్టేజీ రేటింగ్ 50కి తగ్గొద్దు. రాత్రి పూట కరెంటు 250 వోల్టులు దాటే ఊళ్లలో ప్లస్, మైనస్ వైపుల డీసీ 40 వోల్టుల దాకా పోతుంది, 35 వోల్టులవి ఉబ్బుతాయి. స్పీకర్ మైనస్ వైరును బోర్డు ఇన్‌పుట్ గ్రౌండ్‌కు కాకుండా రెండు ఫిల్టర్ కెపాసిటర్ల కలయిక దగ్గరికే తీసుకెళ్తే సగం హమ్ అక్కడే చచ్చిపోతుంది.

ఈ బోర్డులో లేనిది స్పీకర్ రక్షణ. పవర్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయితే 33 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్‌కు పోతుంది. 8 ఓమ్ స్పీకర్ కాయిల్ డీసీకి 6 ఓమ్‌లే, అంటే 5 ఆంపియర్లకు పైనే, ఫ్యూజు ఆలోచించేలోపు కాయిల్ పొగవుతుంది. యూపీసీ1237 ఐసీ ఉన్న రిలే బోర్డు విడిగా దొరుకుతుంది, కరెంటు పోయి వచ్చినప్పుడు ధన్‌మనే శబ్దాన్నీ అదే ఆపుతుంది. రిలే కాంటాక్ట్ మీద 10 ఆంపియర్లు అని ఉన్నది తీసుకుని, ప్లస్, మైనస్ సప్లై లైన్లు రెండింటిలో 3 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టుకోండి.